గల్లాపెట్టెలో పరదేశులు: బెజవాడ చిల్లర డైరీ

ఆషాఢం

చెయ్యబోయే పని ఇదీ. బెజవాడలో రోజూ చేతులు మారే మామూలు చిల్లరలో ఏయే దేశాల బిళ్లలు కలిసి తిరుగుతున్నాయో పట్టుకోవాలి. కొనకూడదు, అడిగి తెప్పించుకోకూడదు, అమెరికా నుంచి వచ్చిన చుట్టాల సూట్‌కేసుల్లో వెతక్కూడదు. రూపాయనుకుని ఒకరు ఇస్తే, రూపాయనుకునే ఇంకొకరు పుచ్చుకున్న బిళ్ల మాత్రమే లెక్కలోకొస్తుంది.

ఫోన్‌తో స్కాన్ చేసి కట్టడం మొదలయ్యాక నా జేబులో చిల్లరే ఉండటం లేదు. దాన్ని నమ్ముకుంటే ఈ పని నా మనవలు పూర్తిచెయ్యాలి. అందుకని మూడు చోట్ల మాట్లాడుకున్నాను: వన్‌టౌన్‌లో కాళేశ్వరరావు మార్కెట్ దగ్గర మా బాబాయి కిరాణా కొట్టు, బస్టాండు బయట టీ కొట్టు, ఇంద్రకీలాద్రి కింద కొబ్బరికాయలమ్మే అక్క. వాళ్ల చిల్లర సంచి తెచ్చుకుని, రకాలవారీగా వేరుచేసి, లెక్కపెట్టి, వందేసి బిళ్లలు కవర్లలో కట్టి తిరిగివ్వడం నా వంతు. అందులో పరాయి బిళ్ల కనపడితే దాని బదులు మన బిళ్ల పెట్టి, అది నేనుంచుకుంటాను.

"ఒరేయ్, చిల్లర లెక్కపెట్టే సరదా ఇంతుంటే బ్యాంకులో క్యాషియరు ఉద్యోగం చూసుకోవాల్సింది కదరా" అన్నాడు బాబాయి. అంటూనే సంచి మాత్రం ముడి బిగించి చేతికిచ్చాడు.

శ్రావణం: ముందు మనవాళ్లు

పరాయివాణ్ణి పట్టాలంటే ముందు ఇంట్లోవాళ్లను గుర్తుపట్టగలగాలి. బంగారం తూచే చిన్న డిజిటల్ కాటా ఒకటి, వెడల్పు కొలిచే వెర్నియర్ కాలిపర్ ఒకటి కొన్నాను. మన బిళ్లల కొలతలు పాత డైరీ చివరి పేజీలో రాసుకుంటూ పోతే నాకే తల తిరిగింది.

ఒక్క రూపాయినే తీసుకోండి. 1992లో వచ్చిన స్టీలు రూపాయి 25 మి.మీ. వెడల్పు, 4.85 గ్రాముల బరువు. 2011లో రూపాయి గుర్తుతో వచ్చినది 21.93 మి.మీ., 3.79 గ్రాములు. 2019 సిరీస్‌లో 20 మి.మీ., 3.09 గ్రాములకి దిగింది. ఈలోగా 2011 నాటి రెండ్రూపాయల బిళ్ల సరిగ్గా పాత రూపాయి కొలతలే తీసుకుంది: 25 మి.మీ., 4.85 గ్రాములు. 2019 సిరీస్‌లో ఐదు రూపాయలు కూడా 25 మి.మీ.కే వచ్చింది, కాకపోతే పసుపు రంగులో, 6.74 గ్రాములతో. పాత మందపాటి తెల్ల ఐదు బిళ్ల 9 గ్రాములుండేది.

ఇన్నిసార్లు మారాక బిళ్ల మీద అంకె చదివే ఓపిక ఎవరికుంటుంది? టీ కొట్టు అన్నని గమనించి చూస్తే తెలుస్తుంది: బిళ్ల వైపు కళ్లు తిప్పడు. వేళ్ల మధ్య పడగానే రంగు, బరువు, వెడల్పు మూడూ కలిపి ఒక అంచనాకొచ్చేసి డబ్బాలోకి విసిరేస్తాడు. రద్దీలో ఆ అంచనా చాలు. పరాయి బిళ్ల దూరేది కూడా సరిగ్గా అక్కడే. దాని మీద ఒంటె ఉందా, ఓడ ఉందా, రాజు బొమ్మ ఉందా అన్నది దానికి అడ్డు కాదు. చేతిలో రూపాయిలా పడితే చాలు, అది రూపాయే.

కాబట్టి నేనూ బొమ్మ చూడకుండానే పట్టాలి అనుకున్నాను. కొలతతోనే దూరినదాన్ని కొలతతోనే బయటికి లాగాలి.

శ్రావణం చివర: అయస్కాంతం

పాత స్పీకర్లోంచి తీసిన గుండ్రటి అయస్కాంతాన్ని పాలిథిన్ కవర్లో పెట్టి చిల్లర గుట్ట మీద తిప్పాను. స్టీలు బిళ్లలన్నీ గుత్తుగా కవరుకి అతుక్కుంటాయి. కవర్లోంచి అయస్కాంతం బయటికి లాగేస్తే గుత్తంతా ఒక్కసారి పళ్లెంలో రాలుతుంది. గోళ్లతో పీకే బాధ లేదు.

మన రూపాయిలు, ఇప్పటి రెండ్రూపాయలు అతుక్కుంటాయి. పసుపు ఐదు రూపాయలు నికెల్ ఇత్తడి కాబట్టి కదలదు. పాత పదకొండు పలకల రెండ్రూపాయలు రాగి, నికెల్ మిశ్రమం, అదీ కదలదు. ఇక్కడ రెండు సూత్రాలు దొరికాయి. ఒకటి, ఒళ్లంతా పసుపు రంగుండి కూడా అయస్కాంతానికి అతుక్కుందంటే అనుమానించాలి, అది ఇత్తడి పూత పూసిన స్టీలు. రెండు, పాత మందపాటి ఐదు బిళ్ల కాకుండా ఇంకేదైనా తెల్లగా గుండ్రంగా ఉండి అతుక్కోకపోతే అదీ పక్కన పెట్టాలి.

మొదటి సూత్రానికి వెంటనే ఫలితం దక్కింది. బాబాయి సంచిలోంచి చిన్న పసుపు బిళ్ల ఒకటి అయస్కాంతానికి వేలాడుతూ వచ్చింది. నేపాల్ రూపాయి. దేవనాగరి అంకెల్లో 2064 అనుంది. టీ కొట్టు అన్న కొడుకు హిందీ అంకెలు గుర్తుపట్టి "అన్నా, ఇది ఇంకా తయారు కాలేదుగా" అన్నాడు. నేపాల్ వాళ్లు విక్రమ శకం వాడతారు. 57 తీసేస్తే 2007. విలువ కావాలంటే, నేపాల్ వాళ్లు 1993 నుంచి మన రూపాయికి 1.60 నేపాలీ రూపాయలని కట్టేసి ఉంచారు, అంటే ఇది మన 62 పైసలకి కాస్త ఎక్కువ. కాశీ వెళ్లి అట్నుంచి పశుపతినాథ్ దర్శనం చేసుకొచ్చేవాళ్లకి మన దగ్గర లోటు లేదు, దారి అదే అయుంటుంది.

వినాయక చవితి తర్వాత: జారుడు పట్టా

ఇక అసలు పరికరం. కిటికీ ఫ్రేములకి వాడే అల్యూమినియం సెక్షను ముక్క ఒకటి తీసుకుని కాస్త వాలుగా బిగించాను. దానికి వెనక ఓ గోడ, అదీ కొద్దిగా వెనక్కి ఒరిగి ఉంటుంది. బిళ్లని అంచు మీద నిలబెట్టి వదిలితే గోడకి ఆనుకుని దొర్లుకుంటూ పోతుంది. గోడలో వరసగా కిటికీలు: మొదటిది అన్నిటికన్నా పొట్టిది, తర్వాతవి ఒకదాన్ని మించి ఒకటి ఎత్తు. బిళ్ల కిటికీ కన్నా ఎత్తుగా ఉంటే దాని నెత్తి పై అంచుకి ఆనుకుని ముందుకి పోతుంది. పొట్టిగా ఉంటే ఆనడానికి ఏమీ లేక వెనక్కి పడి కింద డబ్బాలోకి జారుతుంది.

గోడ మొదట సన్‌బోర్డుతో, కట్టర్‌తో చేశాను. వాలు, పొడవు సరిచూసుకోవడానికి అది చాలు. కొలతలు కుదిరాక గవర్నర్‌పేటలో బోర్డులు చేసే షాపులో అక్రిలిక్ మీద లేజరుతో కోయించాను. అక్కడి కుర్రాడు 24.7 అని విని "పాతిక పెట్టెయ్యనా సార్?" అన్నాడు. ఆ పాయింటు మూడు కోసమే కదా ఈ పరికరం అంతా!

కిటికీల ఎత్తులు ఇవి: 20.5, 22.4, 23.5, 24.7, 25.4, 26.4. వీటిలో నాకు ప్రాణం నాలుగోది. మూడో కిటికీలో 23 మి.మీ. బిళ్లలన్నీ పడిపోతాయి, 2019కి ముందటి పసుపు ఐదు రూపాయలు, 2019 రెండ్రూపాయలు. ఐదోదాంట్లో 25 మి.మీ.వి. ఆ రెంటి నడుమ, అంటే 24 చుట్టుపక్కల, ఇవాళ చెలామణిలో కనిపించే మన బిళ్ల ఏదీ లేదు. మనకి ఖాళీగా ఉన్న ఆ సందులోనే పరాయి దేశాల నాణేలు కాపురం ఉన్నాయి: ఎమిరేట్స్ దిర్హం 24 మి.మీ., అమెరికా క్వార్టర్ (పాతిక సెంట్ల బిళ్ల) 24.26, బ్రిటన్ పది పెన్నీలు 24.5, సింగపూర్ కొత్త డాలరు 24.65. ఎవరి ముఖమూ చూడనక్కర్లేదు. నాలుగో డబ్బాలో చప్పుడైతే చుట్టం వచ్చినట్టే.

1980ల నాటి అర్ధరూపాయి కూడా 24 మి.మీ.యే. అదొస్తే అదీ ఆ డబ్బాలోనే పడుతుంది, పడనీ. అదీ ఒక రకంగా వేరే దేశం నుంచి వచ్చినదే.

పలకలున్న బిళ్లలు దొర్లవు, ఎగురుతాయి. పాత పదకొండు పలకల రెండ్రూపాయలు, పన్నెండు పలకల ఇరవై రూపాయలు టకటకమని గెంతుకుంటూ కిటికీ దాటేస్తున్నాయి. వాలు కాస్త తగ్గించి కిటికీలు పొడుగ్గా కోయిస్తే పాత రెండ్రూపాయలు దారికొచ్చాయి. ఇరవై బిళ్ల మాత్రం ఇప్పటికీ చెప్పుచేతల్లో ఉండదు. చేత్తో ముందే ఏరేస్తున్నాను.

దసరా

కొబ్బరికాయల అక్క సంచులు నవరాత్రుల్లో మొయ్యలేనంత బరువొచ్చాయి. బిళ్లలన్నీ పసుపు, కుంకుమ. అంకెల గుంటల్లో, అంచు గాడుల్లో కుంకుమ గట్టిపడిపోయి, రూపాయి గింజ బొమ్మ ఎర్ర ముగ్గులా పైకి లేచి కనపడుతోంది. ఇలా ఉంటే జారుడు పట్టా మీద అంటుకుంటాయి, కాటా కూడా కాస్త ఎక్కువ చూపిస్తుంది.

కుంకుడుకాయ రసంలో నానబెట్టి, పాత టూత్‌బ్రష్‌తో రుద్ది, నూలుగుడ్డ మీద ఆరబెట్టాను. చింతపండు వాడమని అందరూ సలహా ఇచ్చారు. చింతపండు పులుపు రాగి నాణేల పైపొరని తినేసి కొత్త పెళ్లికూతురిలా చేస్తుంది. చూసేవాళ్లకి బాగానే ఉంటుంది గానీ నాణేలు దాచేవాళ్లు అలాంటిదాన్ని చేత్తో కూడా ముట్టరు. ఇత్తడి బిందెలకైతే సరే.

అమ్మవారి హుండీ లెక్కింపు వార్తల్లో నగదు, బంగారం, వెండితో పాటు విదేశీ కరెన్సీ మాట కూడా తరచూ వస్తుంది. కొండ మీద హుండీలోకి వెళ్లేవి తెలిసి వేసినవి. కొండ కింద కొబ్బరికాయకి ఇచ్చినవి తెలియక ఇచ్చినవి. నాకు కావలసింది ఈ రెండో రకం.

ఈ సంచుల్లో కువైట్ 50 ఫిల్సు దొరికింది. నాలుగో డబ్బాలో కాదు. అది 23 మి.మీ. కాబట్టి కొత్త రెండ్రూపాయలతో కలిసి మూడోదాంట్లో పడింది. కాటా పట్టించింది: రెండ్రూపాయలు 4.07 గ్రాములైతే ఇది నాలుగున్నర. కువైట్ నాణేలన్నిటి మీదా ఒకటే బొమ్మ, తెరచాప ఎత్తిన ధౌ పడవ. తాళ్లు కూడా ఒక్కొక్కటే లెక్కపెట్టొచ్చు, అంత సన్నగా చెక్కారు. కింద అరబ్బీ అంకెల్లో రెండు సంవత్సరాలు, ఒకటి హిజ్రీ, ఒకటి మన క్యాలెండరుది. రెండు రూపాయలుగా చేతులు మారిన ఈ బిళ్ల అసలు విలువ పది రూపాయల పైమాటే.

దీని వెనక కథ తిరగేసి చూస్తే ఇంకా బాగుంటుంది. ఒకప్పుడు అక్కడ నడిచింది మన రూపాయే. 1959లో రిజర్వు బ్యాంకు గల్ఫ్ దేశాల కోసం ప్రత్యేకంగా గల్ఫ్ రూపాయి నోట్లు కూడా అచ్చేసింది. కువైట్ 1961లో దినారుకి మారింది, ఒమన్‌లో రూపాయి 1970 దాకా నడిచింది. ఇవాళ వాళ్ల ఫిల్సు మన కొబ్బరికాయల కొట్లో తిరగడం ఒక లెక్కన బాకీ తీర్చుకోవడం.

కార్తీకం

శ్రీలంక ఐదు రూపాయలు ఒకటి. పసుపు రంగు, అయస్కాంతానికి అతుక్కుంది, మూడో కిటికీలో పడీపడక నాలుగోదాంట్లోకి పోయింది, వెడల్పు సరిగ్గా 23.5. సింహళం, తమిళం, ఇంగ్లీషు మూడు లిపులూ ఉన్నాయి. అమరావతి స్తూపం చూడ్డానికొచ్చిన యాత్రికులదో, శ్రీలంక చూసొచ్చిన మనవాళ్లదో.

థాయిలాండ్ పది బాత్ ఒకటి. ఇది గట్టి పిండం. మన పది రూపాయల బిళ్లకి వలయం పసుపు, నడుమ తెలుపు. ఇరవై రూపాయలకి అదే తిరగబడుతుంది, వలయం తెలుపు, నడుమ పసుపు. పది బాత్ కూడా అచ్చం అలాగే. బరువు చూడండి: ఇరవై బిళ్ల 8.54 గ్రాములు, పది బాత్ 8.5. వెడల్పులో 27కి 26. పలకలు లేవన్నదే పెద్ద తేడా. టీ కొట్టులో ఇరవైగానే చెల్లింది. ఒకవైపు బౌద్ధాలయ గోపురం, దానిపైన అంధుల కోసం బ్రెయిలీ చుక్కలు, థాయ్ అంకెల్లో బుద్ధ శకం. 543 తీసేస్తే మన సంవత్సరం.

"నష్టమేనంటావా?" అని అడిగాడు టీ కొట్టు అన్న. లెక్కకైతే పది బాత్ ఇరవై రూపాయలకన్నా ఎక్కువే. అయితే మార్చేవాడు లేడు. విదేశీ నోట్లు మార్చే షాపులు నాణేలు తీసుకోవు. దాచుకోవడానికి మాత్రం భయం అక్కర్లేదు, ఫెమా (విదేశీ మారక చట్టం) నిబంధనల ప్రకారం విదేశీ నోట్లు దగ్గరుంచుకోవడానికి పరిమితి ఉంది గానీ నాణేలకి ఏ పరిమితీ లేదు.

ఈ అన్నే మొన్నమొన్నటిదాకా పది రూపాయల బిళ్ల చెల్లదని వెనక్కిచ్చేవాడు. పద్నాలుగు డిజైన్లున్నాయి, అన్నీ చెల్లుతాయని రిజర్వు బ్యాంకు 2018లోనే చెప్పినా మన వైపు చాలామంది వినలేదు. మన పదిని అనుమానంగా తిప్పి తిప్పి చూసిన చెయ్యి, థాయిలాండ్ పదిని మాత్రం చూడకుండా డబ్బాలో వేసుకుంది.

సంక్రాంతి ముందూ వెనకా

డిసెంబరు మూడో వారం నుంచి నాలుగో డబ్బా చప్పుడు చెయ్యడం మొదలెట్టింది. ఎన్నారైలు, గల్ఫ్ నుంచి సెలవు మీద వచ్చేవాళ్లు దిగే కాలం. గన్నవరం నుంచి షార్జాకి 2022లో నేరుగా విమానం పడ్డాక దిర్హాలు నేరుగా బస్టాండు చిల్లరలోకే వస్తున్నాయని నా ఊహ. ఎందుకంటే నాకు దొరికిన దిర్హాలన్నీ టీ కొట్టువే. క్వార్టర్లు బాబాయి కొట్లోంచి వచ్చాయి.

దిర్హం మీద దల్లా అనే కాఫీ కూజా, పక్షి ముక్కులాంటి మూతితో. ఫిలిప్పీన్స్ పాత ఒక పెసో కూడా ఇదే వెడల్పు. దాంతో ఎమిరేట్స్‌లోని యంత్రాల్లో దిర్హం బదులు పెసోలు వేసి పని కానిచ్చినవాళ్లున్నారని అప్పట్లో పెద్ద గొడవయింది. యంత్రమే పోల్చుకోలేకపోయింది, బస్టాండు టీ కొట్టుని ఏమంటాం!

క్వార్టరు పట్టుబడటం తేలిక, 5.67 గ్రాములు, అయస్కాంతానికి కదలదు, అంచు చుట్టూ 119 గాడులు. గోటితో గీస్తే గరగరమంటుంది. మన స్టీలు రూపాయి కన్నా బరువు, అయినా గల్లాలో రూపాయిగా పడింది. ఇరవై రూపాయల వస్తువిచ్చి రూపాయి పుచ్చుకున్నవాడు ఎవరో, ఎక్కడున్నాడో.

మాఘం: భూతద్దం

పరాయి బిళ్లల తేదీలు చదవడానికి భూతద్దం తెచ్చాను. చేతిలో ఉంది కదాని మన రూపాయిల తేదీ కింద కూడా చూడటం మొదలుపెట్టాను. ఇప్పుడు సంచులన్నీ మళ్లీ మొదటినుంచీ తిరగేస్తున్నాను.

సంవత్సరం కింద చిన్న గుర్తుంటుంది. నక్షత్రమైతే హైదరాబాద్ టంకశాల, వజ్రమైతే ముంబై, చుక్కైతే నోయిడా, ఏమీ లేకపోతే కోల్‌కతా. ఇంతవరకూ చాలామందికి తెలిసిందే. కానీ 1990ల చివర చిల్లర కరువొచ్చినప్పుడు మన టంకశాలలు చాలక ప్రభుత్వం బయటి దేశాల్లో కూడా నాణేలు కొట్టించింది. ఎమ్ అక్షరం నెత్తిన చిన్న సున్నా ఉంటే అది మెక్సికో. అండాకారంలో ఎమ్ ఉంటే దక్షిణాఫ్రికాలోని ప్రిటోరియా. ఎమ్, కె రెండూ కలిసి ఉంటే స్లొవాకియాలోని క్రెమ్నికా. రష్యన్ అక్షరాలు మూడుంటే మాస్కో. కొరియాలో కొట్టినవీ ఉన్నాయి. అంతకుముందు 1985లో బ్రిటన్‌లో కొట్టించిన రూపాయిల్లో కొన్నిటి మీద హెచ్ అక్షరం ఉంటుంది, బర్మింగ్‌హామ్ హీటన్ వాళ్లది.

1997 రూపాయి ఒకటి, బాబాయి గల్లాలోదే. అరిగిపోయి కంకి మీదవి గింజలో గీతలో తెలియడం లేదు. దీపం పక్కకి వంచి పట్టుకుంటే ఎమ్, దాని మీద ఆవగింజలో సగం సున్నా. మెక్సికోలో పుట్టి, సముద్రం దాటి, పాతికేళ్లపైన ఎవరూ పేరడక్కుండా బతికేసిన రూపాయి. మన రూపాయే కాబట్టి ఇప్పటికీ చెల్లుతుంది, ఏ కిటికీ కూడా దీన్ని పట్టలేదు. నాకైతే పక్కన పెట్టిన క్వార్టర్లన్నిటికన్నా ఇదే ఎక్కువ.

బాబాయికి చూపించి, ఒప్పందం ప్రకారం దీని బదులు ఇంకో రూపాయి పెడతానన్నాను.

"మన రూపాయే కదరా."

"మనదే బాబాయ్. మెక్సికోలో కొట్టారు."

"అయితే ఇదిక్కడే ఉంచు" అని జేబులో వేసుకున్నాడు. పరదేశి బిళ్ల అంటే ఏమిటో ఒప్పందంలో ముందే సరిగ్గా రాసుకుని ఉండాల్సింది కదా అని ఆయన వాదన. మిగిలిన సంచుల్లో ఇంకో మెక్సికో దొరికితే అది నాదేనని మాట తీసుకున్నాను.

శివరాత్రిలోగా మిగిలిన పనులు: ఇరవై బిళ్లల కోసం జారుడు పట్టాకి ముందు చిన్న గరాటు, పలకలున్నవి అక్కడే ఆగేలా. మూడో డబ్బా కింద కాటా ఎప్పుడూ బిగించి ఉండేలా ఓ చెక్క పెట్టె, ఎందుకంటే మలేసియా 50 సెన్ 22.65 మి.మీ., 5.66 గ్రాములు, మన 23 మి.మీ. పసుపు ఐదుకి వెంట్రుకవాసి తేడా, ఇంకా దొరకలేదు. ఆల్బమ్‌కి పీవీసీ కవర్లు వద్దు, మన ఎండలకి వాటిలోంచి జిడ్డు దిగి రాగి పచ్చబడుతుంది. అట్ట ఫ్రేములు తేవాలి. గుంటూరులో మావయ్య కిళ్లీ కొట్టు చిల్లర కూడా ఇస్తానన్నాడు, ఆదివారం వెళ్లి సంచి తెచ్చుకోవాలి.